కండెన్సర్ పేలిన వాసన

నిన్న పక్కింట్లో టీవీ లోపల ఏదో టప్పున పేలింది. వీధిలో వాళ్లందరూ చేపల వాసన అనుకున్నారు. కొల్లేరు పక్కన ఉన్నాం, అలా అనుకోవడంలో తప్పులేదు. ఆ కుళ్లు వాసన ముక్కుకు తగలగానే నాకు మాత్రం ఏలూరులో మస్తాన్ గారి రిపేరు కొట్టు గుర్తొచ్చింది. అది కరెంటు సామాన్ల లోపలుండే కండెన్సర్ పేలిన వాసన. ఆ సంగతి చెప్పుకుందామంటే మస్తాన్ గారు ఇప్పుడు లేరు.

మా ఆయనకు కలిదిండిలో మైక్ సెట్ ఉండేది. పెళ్లిళ్లకూ జాతరలకూ అద్దెకిచ్చేవారు. ఆయన పోయింది సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజుల్లో. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు మైకు మోగకూడదన్నారు పెద్దలు. రెండు యాంప్లిఫయర్లనీ ఆయన దుప్పట్లోనే చుట్టి అటక మీద పెట్టించాను. ఏడాది గడిచినా దింపబుద్ధి కాలేదు. అలా కొన్నేళ్లు పోయాయి. చివరికి మా మరిది, అమ్మేద్దాం వదినా అంటూ ఒకదాన్ని దింపి ప్లగ్ పెట్టాడు. ఢామ్మని పేలింది. రెండోదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. అది కూడా పోతే మా ఆయన చేతి గుర్తంటూ నాకు ఏమీ మిగలదు.

మస్తాన్ గారు భార్య పోయాక కొట్టు వెనక గదిలోనే ఒంటరిగా ఉండేవారు. ఎవరొచ్చినా ముందు టీ తెప్పించి, తర్వాతే సామాను విప్పేవారు. టీ తాగే కాసేపైనా మనిషి కూర్చుంటాడని ఆశ. మొదటిది పేలిన సంగతి చెబితే, మరిదిని తిట్టుకోవద్దన్నారు. కండెన్సర్లలో వేడికి లోపలి తడి ఆరిపోయి చెడేవే ఎక్కువట. మాది వేరట.

"లోపల రేకు మీద సన్నటి పొర ఉంటుందమ్మా. కరెంటు తగులుతుంటేనే అది నిలబడుద్ది. వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే పాడైపోద్ది. అప్పుడు ఒక్కసారే కరెంటిస్తే తట్టుకోలేదండి."

"ఎంతో జాగ్రత్తగా దాచానండి బాబాయి గారూ."

"దాచబట్టేనమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఆయన పట్టించుకోలేదు. కరెంటును కొద్దికొద్దిగా పెంచే పెట్టెకు యాంప్లిఫయర్ తగిలించి, దాని చక్రం వెంట్రుకవాసి తిప్పి ఊరుకున్నారు. కాసేపటికి మరికొంచెం. లోపలి పొర మెల్లగా మళ్లీ కట్టుకోవాలట. మధ్యాహ్నమంతా అదే పని, తొందరపెడితే వినరు. అంతసేపు ఒక మనిషి నా ఎదుట కూర్చుని చాలాకాలమైంది. సాయంత్రానికి ఎర్రదీపం వెలిగి, స్పీకరు సన్నగా గుర్రుమంది. మైకు నా చేతికిచ్చి మాట్లాడమన్నారు. ఆ సెట్టులోంచి నేనెప్పుడూ విన్నది మా ఆయన "హలో, హలో" అనడమే. పిచ్చిదాన్ని, ఇప్పుడూ అదే వస్తుందనుకున్నాను. మైకు దగ్గరికి తీసుకుని "హలో" అన్నాను. వచ్చింది నా గొంతే. మా ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. మస్తాన్ గారు చక్రం మీద నుంచి చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నారు.

"అమ్మకండమ్మా. నెలకోసారైనా వెయ్యండి. వేసి ఊరికే ఉండకండి, ఏదో ఒకటి మాట్లాడండి" అన్నారు చివరికి.

అమ్మలేదు. ఆ సెట్టు నేనే అద్దెకు తిప్పాను. ఆడమనిషికి మైకేమిటని నవ్వినవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకే కట్టాను. ఇప్పుడు పెద్ద పెద్ద సౌండ్ బాక్సులొచ్చాయి, నన్నెవరూ పిలవరు. అయినా నెలనెలా తలుపు వేసుకుని స్విచ్ వేస్తాను. ఎర్రదీపం వెలిగాక మైకు తీసుకుంటాను. మొదట్లో మా ఆయనతో మాట్లాడేదాన్ని, ఈమధ్య మస్తాన్ గారితోనూ మాట్లాడుతున్నాను. నిన్న నెల కాకపోయినా వేశాను.

"వీధిలో వాళ్లందరూ చేపలనుకున్నారండి, బాబాయి గారూ" అని చెప్పాను.

గది నిండా నా గొంతే.