రాసిచ్చి సంతకం పెట్టండి సార్

కొత్త కంప్యూటర్ డబ్బా విప్పగానే థర్మకోల్, ప్లాస్టిక్ కలిసిన వాసన ఒకటి వస్తుంది. మొన్న మా మహబూబ్‌నగర్ ఆఫీసులో ఆ వాసన గుప్పుమనగానే నాకు అంజయ్య సార్ గుర్తొచ్చారు. ఆయనతోపాటు, ఆయనకు జరిగినదాని మీద పాత కోపమూ వచ్చింది. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

తొంభైల చివర్లో జడ్చర్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉద్యోగం దొరికింది. ఇంకా పర్మినెంట్ కాలేదు. అంజయ్య సార్ మా సెక్షన్ హెడ్డు. రామన్నపేట దగ్గర నేత కుటుంబం ఆయనది. బట్టతల, ఇస్త్రీ చొక్కా, నోట్లో ఎప్పుడూ సోంపు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, "మల్ల చెయ్" అని పక్కనే కూర్చునేవారు. తిట్టినా బాగుండేదనిపించేది.

ఒకసారి గది నిండా కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మాత్రం ఒక్కటే లైసెన్సు కొన్నారు, అంటే ఒక్క మిషన్‌కే హక్కు. సార్ ఆ ఒక్కదాన్ని ముద్దుగా తయారుచేశారు. ప్రింటర్, తెలుగు అక్షరాలు, లెక్కల ప్రోగ్రాం అన్నీ అమర్చి, మొత్తంగా దాని నకలు తీసి సీడీలో దించారు. ఆ నకలును మిగతా వాటిలో ఎక్కిస్తే అన్నీ అచ్చం దానిలాగే లేస్తాయి. నేను హుషారుగా రెండో మిషన్ మీది కవరు తీయబోయాను. సార్ వద్దన్నారు. డబ్బు పెట్టి కొన్నదే కదా అన్నాను.

"కొన్నది ఒక్కదానికే బిడ్డా. మా నాయిన కొత్త అంచు నేస్తే, పక్కింటోళ్లు గా అంచును తమ మగ్గం మీద ఎక్కియ్యాలంటే ముందుగాల వచ్చి అడుగుతరు. అడిగితే నాయిననే పోయి ఎక్కిచ్చి వస్తడు. అడగకుండ నేసినోడు మల్ల మా గడప తొక్కలే. నకలు తప్పు గాదు, అడగకపోవుడు తప్పు. ఈడ అడుగుడంటే ఒక్కో మిషన్‌కు లైసెన్సు కొనుడే."

మేనేజర్‌కు ఇది రుచించలేదు. జడ్చర్ల దాకా ఎవడొచ్చి చూస్తాడని నవ్వాడు. అన్ని ఆఫీసుల్లో జరిగేది ఇదే అన్నాడు, అది నిజం కూడా. లైసెన్సులు తెప్పించండి, ఒక్క పూటలో అన్నీ లేపుతాను అన్న మాట సార్ మార్చలేదు. కొత్త మిషన్లు కవర్ల కిందే ఉన్నాయి. మేమంతా ఆ ఒక్కదాని ముందు వంతులేసుకున్నాం.

సార్ ఏదో పెళ్లికని ఊరెళ్లిన రోజు మేనేజర్ నన్ను పిలిచి సీడీ చేతిలో పెట్టాడు. సాయంత్రానికల్లా అన్నిట్లో ఎక్కించాలన్నాడు. నా పర్మినెంట్ సంగతి తన చేతిలోనే ఉందని కూడా గుర్తుచేశాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. భయమేసింది, అబద్ధమెందుకు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"లైసెన్సు లేకుండ ఎక్కియ్యమని రాసిచ్చి సంతకం పెట్టుండ్రి సార్. ఎక్కిస్త."

పెన్ను ఆయన జేబులోనే ఉంది. తీయలేదు. బయటికి పొమ్మన్నాడు.

సార్ తిరిగొచ్చాక విషయం చెప్పి ఏడ్చాను. ఆయన నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లి, ఆ పిల్లకు నేర్పింది నేనే, ఏం చేయాలనుకున్నా నన్నే చేయండి అన్నారు. చేశారు. నన్ను ముట్టుకోకుండా ఆయనను గోదాముకు మార్చారు. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి, ఒక్క మధ్యాహ్నంలో ఆ నకలును అన్నిట్లోనూ ఎక్కించి వెళ్లారు. ఎవరూ పట్టుకోలేదు, ఏ మిషనూ ఆగలేదు. న్యాయం గెలిచిందని రాద్దామంటే నా దగ్గర ఏమీ లేదు.

భోజనం వేళ గోదాముకు వెళ్తే, సార్ మందుల పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని సోంపు నములుతున్నారు. అంతా నా వల్లే అయిందన్నాను.

"నీ వల్ల గోదాముల కూసున్ననేమో గని, తలకాయ దించుకొని కూసోలే. జర సూడు."

చూశాను. నిజంగానే దించుకోలేదు.

సార్ ఇప్పుడు లేరు. మొన్న కొత్త కంప్యూటర్లు విప్పుతుంటే మా కుర్ర యజమాని వచ్చి, ఒక్క లైసెన్సు తీసుకుని అన్నిట్లో వేసేయండి మేడం, ఎవరు చూస్తారు అన్నాడు. నేను ఒక తెల్లకాగితం, పెన్ను అతని ముందుకు జరిపాను.

"రాసిచ్చి సంతకం పెట్టండి సార్."

అతను కాగితం వైపు చూశాడు, పెన్ను మాత్రం ముట్టుకోలేదు. నేను అతని వైపే చూశాను, తల దించకుండా.