మెడ కొలిచి చెప్పిన టైలరక్క

మొన్న మంగళవారం పొద్దున నాంపల్లి కోర్టులో మా సెక్షన్‌లో కూర్చొని ఒక తీర్పు కాపీ టైపు చేస్తుంటే ఫోన్ మోగింది. టైలరక్క కోడలు. "అక్కా, మా అత్తమ్మ పోయింది. మొన్న ఛాతీల నొప్పంటే దవాఖానల చేర్పించినం. తగ్గిందన్నరు. ఇయ్యాల పొద్దుగాల చాయ్ అడిగింది, తెచ్చేసరికి..." అంది. నేను వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టి, సగంలో ఆగిన వాక్యాన్ని చివరిదాకా టైపు చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఫుల్‌స్టాప్ పెట్టాకే ఏడుపొచ్చింది.

ఆబిడ్స్‌లో బ్లౌజులు కుట్టించుకునే అలవాటున్నవాళ్లకు ఆమె తెలిసే ఉంటుంది. పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే గల్లీలో, చెప్పుల దుకాణానికీ గడియారాలు బాగుచేసే దుకాణానికీ మధ్య ఇరుకైన కొట్టు. రెండు మిషన్లు, ఒక బల్ల, గోడకు ఒక అద్దం. నా పెండ్లి బ్లౌజులు ఆమే కుట్టింది. నల్గొండ వైపు నుంచి పెండ్లయి పట్నం వచ్చి, భర్త పోయాక ఆ మిషన్ మీదే ఇద్దరు పిల్లల్ని పెంచింది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. కొలతలు తీసేటప్పుడు అంకె పైకి చదివేది కాదు. చూసి, తనలో తను అనుకుని, నోటుబుక్కులో రాసుకునేది. ఒకసారి ఎందుకని అడిగాను.

"పైకి చదివితే ఆడోళ్లు ఊపిరి బిగవడతరు బిడ్డా. కొలత తప్పొస్తది" అంది.

ఆమె చేసిన మేలు చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆరేండ్ల కింద, నాకు ఐదో నెల నడుస్తున్నప్పుడు రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. రోజూ పొద్దున ఒక మాత్ర రాసిచ్చారు. వేసుకున్నాను. పాప పుట్టింది. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చీటీ మీద రాసి మరీ పంపింది. నేను పోలేదు. కడుపుతో ఉన్నప్పటి సంగతి కడుపుతోనే పోయిందనుకున్నాను. పైగా ఫోన్‌లో ఎవరో చెప్పిన వీడియో చూశాను, తల్లి వేసుకునే మాత్రలన్నీ పాలలో కలుస్తాయని. డబ్బాలో మాత్రలు అయిపోయాక మళ్లీ కొనలేదు. ఎవరినీ అడగలేదు.

మా అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. కోడలి బాలింతతనం తన చేతుల మీద సక్రమంగా జరగాలని ఆమె పట్టుదల. నెయ్యి, వెల్లుల్లి కారం, సొంఠి లడ్డూలు, పొద్దుకు నాలుగుసార్లు తిండి. ప్రేమతోనే పెట్టింది. కానీ నా ఒళ్లు మాత్రం తిన్నా పెరుగుతోంది, తినకపోయినా పెరుగుతోంది. ముఖం ఉబ్బింది. ఇంకో రెండు నెలల్లో డ్యూటీలో చేరాలి. సెక్షన్‌లో అందరూ ఏమంటారోనని భయం పట్టుకుంది. అత్తమ్మ పెట్టిన లడ్డూలు కవర్లో దాచి పారేయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం కంచంలో అన్నం కలిపి, ఆమె అటు తిరగగానే చెత్తబుట్టలో వేసేదాన్ని. రాత్రికి ఆకలి లేదనేదాన్ని.

పాలు తగ్గాయి. పాప రొమ్ము పట్టుకుని కాసేపు లాగి, వదిలేసి ఏడ్చేది. టీకా వేయించడానికి పోయినప్పుడు తూచిన సిస్టర్, "బరువు పెరగాల్సినంత పెరుగుతలేదమ్మా, డాక్టర్‌కు చూపించు" అంది. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. అత్తమ్మకు చెప్పలేదు. మంచం దిగాలంటే ఒళ్లంతా ఇసుక మూట మోసినట్టుండేది. పాప ఏడుస్తుంటే లేవాలని తెలిసి కూడా గోడను చూస్తూ పడుకున్న పగళ్లున్నాయి. నేను చెడ్డ తల్లిని అనుకునేదాన్ని. ఇంకో కారణం ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

మే నెలలో ఒకరోజు ఐదు పాత బ్లౌజులు సంచీలో వేసుకుని, నాలుగు నెలల పాపను ఎత్తుకుని టైలరక్క దగ్గరకు పోయాను. వదులు చేయించుకోవాలి. పెండ్లిళ్ల కాలం. కొట్టు బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. పాపను చూసి వాళ్లు నన్ను ముందు పంపారు.

"ఫ్యాన్ జర బంద్ చేస్తవా అక్కా? చలి పెడుతుంది" అన్నాను.

టైలరక్క నా ముఖం చూసింది. "గీ ఎండలనా?" అంది. ఫ్యాన్ ఆపి, టేపు తీసింది. జబ్బలు, ఛాతీ, నడుము కొలిచింది. మెడ దగ్గరకు వచ్చి ఆగింది. టేపు తీసి మళ్లీ పెట్టింది. నోటుబుక్కులో పాత పేజీ తిప్పి చూసింది.

"ఇగో, గీ నీళ్లు తాగు" అని తన సీసా ఇచ్చింది. నేను తాగుతుంటే నా గొంతును చూస్తూ నిలబడింది. "గొంతెందుకు బొంగురువోయింది?"

"నిద్ర లేక."

"మాత్రలేమన్న వాడుతున్నవా?"

"కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ అన్నరు. కాన్పయినంక బంద్ చేసిన. పాలల్ల కలుస్తది గదా."

"ఎవరు చెప్పిన్రు?"

"ఫోన్ల చూసిన."

ఆమె తిట్టలేదు. బయటివాళ్లకు వీపు తిప్పి, ఎప్పుడూ మెడ నిండా వేసుకునే తన బ్లౌజు పై హుక్కులు రెండు తీసింది. గొంతు కింద అడ్డంగా తెల్లటి గీత, ఆపరేషన్ మచ్చ. అన్నేళ్లుగా ఆమె దగ్గర కుట్టించుకుంటున్నాను, ఎన్నడూ చూడలేదు.

"కాన్పయినంక అందరికి నడుము పెరుగుతది, జబ్బలు పెరుగుతయి. మెడ గింత పెరగదు. నేనేం డాక్టర్ను గాదు. గిదే రోగమని చెప్తలే. కాని నువ్వు ఇయ్యాల్నే చూపించుకోవాలె."

"రేపు పోత అక్కా."

"రేపు నువ్వు పోవు. నాకెర్క. పా, ఇప్పుడే పోదాం."

బయట నిలబడ్డ వాళ్లతో "అమ్మా, మాపటికి రాండ్రి, ఏమనుకోకుండ్రి" అని చెప్పి షటర్ దించింది. పెండ్లిళ్ల కాలంలో ఆమె షటర్ దించడం ఆ గల్లీలో వింత. గడియారాలాయన కుర్చీలోంచి లేచి వచ్చి ఏమైందని అడిగాడు.

ఆటోలో నాంపల్లి వైపు ఒక దవాఖానకు పోయాం. వరుసలో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. పాప ఆకలికి ఏడ్చింది. ఎవరిదో కుట్టాల్సిన గుడ్డ ఆమె సంచీలో ఉంటే తీసి, నాకు అడ్డంగా పట్టుకుని నిలబడింది. పాప తాగలేక ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అప్పుడే అన్నీ చెప్పేశాను. లడ్డూలు, చెత్తబుట్టలో అన్నం, టీకా సిస్టర్ మాట, గోడను చూస్తూ పడుకోవడం.

ఆమె పాప పాదం చేతిలోకి తీసుకుంది. తర్వాత చెప్పింది. "నా బిడ్డ పుట్టిన మూడు నెలలకు నాకు పాలెండిపోయినయి. ఎప్పుడు చూసినా పండుకునేదాన్ని. బద్దకపు మనిషి అన్నరు, బిడ్డ మీద ప్రేమ, పావురం లేదన్నరు. నేను గూడ గదే నిజం అనుకున్న. ఎన్నో ఏండ్లకు గొంతు కాడ ఉబ్బితే అప్పుడు చూసి, థైరాయిడ్ అని ఆపరేషన్ చేసిన్రు. బిడ్డకేం గాలె, ఆవుపాలతో పెరిగింది, ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు. కాని గా పాలు తాపే దినాలు నాకు మళ్ల రాలే."

అక్కడి డాక్టరమ్మ మెడ పట్టి చూసింది, రక్తం తీయించింది, మెడకు స్కానింగ్ రాసింది. రెండు రోజులకు రిపోర్టులు వచ్చాయి. ప్రమాదకరమైన గడ్డలేం లేవు, గ్రంథి వాచింది, థైరాయిడ్ బాగా తగ్గిపోయింది. అప్పుడూ టైలరక్క నా పక్కనే ఉంది. నేను అడగాల్సినవన్నీ ఆమే అడిగింది.

"పాలిచ్చే తల్లి గీ మాత్ర వేసుకోవచ్చునా మేడం?"

"తప్పకుండా వేసుకోవాలి. ఒంట్లో తయారు కావాల్సిందే తయారైతలేదు, దాన్నే బయటి నుంచి ఇస్తున్నం. పాలల్లోకి పోయేది చాలా కొంచెం, పాపకు భయం లేదు. మానేస్తేనే ఇబ్బంది. నీరసం, దిగులు, పాలు తగ్గుడు, అన్నిట్ల దాని చెయ్యి ఉండొచ్చు."

పొద్దున పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంటసేపు చాయ్ కూడా ముట్టొద్దంది. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలంది. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. పాలు కుదుటపడే దాకా పాపకు పైపాలు కొంచెం కలిపి ఇవ్వాలని, వారం వారం తూచాలని చెప్పింది. నేను అడిగాను, "మరి నా బరువు మేడం?"

"పాలిచ్చేటప్పుడు కడుపు మాడ్చుకోవద్దమ్మా. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, రొట్టె, అన్నీ తిను. స్వీట్లు, నెయ్యి మటుకు కొంచెం తగ్గించు. ఓపిక వచ్చినంక నడువు. మెల్లగ తగ్గుతది, తొందరపడకు."

ఆ సాయంత్రం టైలరక్క మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ ముందు కూర్చుని, నేను అన్నం పారేస్తున్న సంగతి చెప్పేసింది. నా కళ్ల ముందే నా దొంగతనం బయటపెట్టిందని కోపం వచ్చింది. ఆమె పోయేటప్పుడు లేచి తలుపుదాకా కూడా పోలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆమె కొట్టు వైపు పోలేదు. ఆమె ఫోన్ చేస్తే మా ఆయనకు ఇచ్చాను. ఆ మూడు వారాలకు సిగ్గుపడుతున్నానని ఆమెతో ఒక్కసారైనా అని ఉండాల్సింది. అనలేదు.

టైలరక్క వచ్చిపోయిన మర్నాడు పొద్దున అత్తమ్మ మాత్ర, నీళ్ల గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, తన చాయ్ కూడా పక్కన పెట్టేసి నా ఎదురుగా కూర్చుంది. లేవగానే చాయ్ లేకపోతే తలనొప్పి వచ్చే మనిషి.

"నువ్వు తాగు అత్తమ్మా."

"నువ్వు తాగినప్పుడే తాగుత" అంది గడియారం చూస్తూ.

మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే పళ్లెంలో జొన్నరొట్టె, పాలకూర పప్పు పెట్టింది. "లడ్డూలు వద్దయితే వద్దని చెప్పు. పారెయ్యకు బిడ్డా. పారేస్తే నాకెట్ల తెలుస్తది, నీకేం గావాల్నో?" అంది. అంత సూటిగా ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు. ఇద్దరం ఏడ్చాం, రొట్టె తిన్నాం.

తర్వాత తెలిసింది, అత్తమ్మా టైలరక్కా కలిసి బేగం బజార్ పోయి రాగులు, పల్లీలు, నువ్వులు తెచ్చారని. కాలీఫ్లవర్, క్యాబేజీ పూర్తిగా మానాలని ఎవరో చెబితే, వండుకుని మామూలుగా తింటే ఏం కాదని డాక్టరమ్మను ఫోన్‌లో అడిగి తెలుసుకున్నది కూడా టైలరక్కేనట. నేను అలిగి కూర్చున్న రోజుల్లోనే ఇదంతా చేసింది.

నాలుగో వారం నేనే పోయాను. ఏమనాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మిషన్ ఆపి, "పిల్లను ఇటియ్యి, చేతులు గుంజుతయి నీకు" అంది. అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పాలు పూర్తిగా మునుపటిలా వచ్చాయని చెప్పను. పొద్దున, సాయంత్రం సరిపడా వచ్చేవి, మిగతా పూటలకు పైపాలు. పాప తూకం మెల్లగా దారిలో పడింది. మూడో నెల పరీక్షకు నా అంకె కూడా చాలావరకు సర్దుకుంది, మాత్ర మోతాదు ఒకసారి మార్చారు. అంతకంటే ముందే ఒక పొద్దున పాప ఏడుపు విని, ఆలోచించకుండా లేచి కూర్చున్నాను. లేచాక అర్థమైంది, ఇన్నాళ్లూ లేవలేకపోయినదాన్ని లేచానని. ఆ సంగతి మొదట ఫోన్ చేసి చెప్పింది టైలరక్కకే.

బరువు ఏడాదిన్నరలో కొంత తగ్గింది. పెండ్లినాటి కొలతకు నేను ఇప్పటికీ రాలేదు. డ్యూటీలో చేరే ముందు కొత్త బ్లౌజు కుట్టమంటే, "కొంచెం టైట్‌గనే కుట్టు అక్కా, తగ్గుత గదా" అన్నాను. "తగ్గినప్పుడు తగ్గిస్త. ఇయ్యాల ఉన్న మనిషికి ఇయ్యాల కుడత" అంది. సెక్షన్‌లో మొదటి రోజు ఎవరో ఒళ్లు చేశానని అన్నారు కూడా. నవ్వి ఊరుకోగలిగాను. జబ్బ దగ్గర గుడ్డ బిగుసుకుని ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదేమో.

ఆ తర్వాత ఆమె కొట్టుకు పసిపిల్లలతో వచ్చే ఆడవాళ్లను ఎందరిని ఆమె పక్కకు పిలిచి అడిగిందో నాకు లెక్క తెలియదు. తిన్నావా, నిద్ర పడుతోందా, డాక్టర్‌కు చూపించుకున్నావా అని. తన మచ్చ ఎందరికి చూపించిందో కూడా తెలియదు. నాకొక్కదానికే చేసిందనుకునేదాన్ని.

ఫోన్ వచ్చిన మంగళవారం సెలవు చీటీ ఇచ్చి, అత్తమ్మను తీసుకుని మల్లేపల్లి దగ్గర వాళ్ల ఇంటికి పోయాను. గల్లీ మొదట్లోనే ఆటో ఆగిపోయింది. లోపలికి దారి లేదు. అంతా ఆడవాళ్లే. మెడలో ఆఫీసు కార్డుతో వచ్చినవాళ్లు, కూరగాయల బండి పక్కన పెట్టి వచ్చినామె, కారు దిగిన పట్టుచీరె ఆమె, చంకలో పిల్లలున్నవాళ్లు. టైలరక్కను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఒక్కొక్కరం ముందుకు పోయి, వంగి, పూలు వేసి పక్కకు జరుగుతున్నాం. నా వంతు వచ్చేదాకా వెనక నిలబడ్డ నాకు వంగుతున్న వీపులే కనబడ్డాయి. సన్నటి వీపులు, వెడల్పాటివి, వయసుతో గూనిపడ్డవి. ఎన్నెన్నో రంగుల బ్లౌజులు. వాళ్లు వంగినా, చేతులెత్తి కళ్లు తుడుచుకున్నా, ఏ వీపు మీదా గుడ్డ లాగలేదు. ఒక్క ముడత పడలేదు.