ఎర్రయ్య తాతకు నేనంటించిన జబ్బు

జబ్బులు దోమ వల్ల వస్తాయి, నీళ్ళ వల్ల వస్తాయి. నీలం బాల్‌పెన్ను వల్ల కూడా వస్తాయని కనిపెట్టిన మొదటి నర్సును నేనే. ఒకే ఒక్క పగటి డ్యూటీలో, నిక్షేపంలాంటి ముసలాయన్ని అంబులెన్సు దాకా తీసుకుపోయాను. నవ్వితే నవ్వండి, నాకేం పరవాలేదు, అలవాటైపోయింది.

అప్పుడు శ్రీకాకుళంలో నర్సింగు రెండో ఏడు చదువుతున్నాను. విజయనగరం పక్క పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చినదాన్ని. ఇంగ్లీషంటే గుండెదడ. అది పోవడానికి రోజూ ఫోనులో ఓ పాఠం చూసి మాటలు నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని. ఆ వారం పాఠం, విసుక్కునేవాళ్ళనూ కసురుకునేవాళ్ళనూ ఏమేమంటారో. కర్ట్, బ్రస్క్, టెస్టీ, ఇరిటబుల్, సర్లీ! ఒక్క చిరాకుకు ఇన్ని పేర్లా అని మురిసిపోయాను. పైగా ఫోనులో మేడమ్ ఓ సూత్రం చెప్పింది: "రాసిన మాటే మళ్ళీ రాశారంటే మీకు భాష రాదని అర్థం." దాన్ని ఆదివారం చర్చిలో చెప్పే వాక్యంలా కంఠతా పట్టేశాను.

కొత్త ఇంగ్లీషు వచ్చినవాడు పొద్దెరగడు కదా. మర్నాడు శుక్రవారం, మగవాళ్ళ వార్డులో డ్యూటీ. అక్కడ మంచం మీద ఎర్రయ్య తాత. కళింగపట్నంలో చేపల వేటకారి. హెర్నియా ఆపరేషనై నాలుగో రోజు. సాయంత్రం ఇంటికి పంపించేస్తామన్నారు. శనివారం తెల్లవారితే కొడుకు గుర్నాథం కొత్త బోటు సముద్రంలోకి దింపుతున్నాడు. ఇంటి పెద్ద ముందుగా చెయ్యి వేస్తేగానీ వాళ్ళు బోటు కదల్చరు. పక్కనే ఆయన భార్య పోలమ్మ, పొద్దున్నే సంచి సర్దేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తాతా, నొప్పి ఉందా?" అన్నాను.

"ఉంటే సెప్పనా?"

ఎనిమిది గంటలు: కర్ట్, అని చార్టులో రాశాను.

పదింటికి వెళ్ళి, "టిఫిను తిన్నావా తాతా?" అన్నాను.

"కాళీ పళ్ళెం అగుపడతన్నాది కదేటే, గుంటా!"

గుంట అంటే మా వైపు పిల్ల. తిట్టు కాదు, ముద్దే. అయినా బ్రస్క్ అని రాశాను. మరి కర్ట్ అయిపోయింది కదా! పన్నెండుకు మాత్ర ఇస్తే "మింగమన్నావా, సూడమన్నావా?" అన్నాడు. టెస్టీ. రెండింటికి బీపీ చూస్తుంటే "ఎన్నిసార్లు నొక్కుతావే?" అన్నాడు. ఇరిటబుల్. మూడింటికి పలకరిస్తే పలకలేదు, అటు తిరిగి పడుకున్నాడు. సర్లీ! నోటుబుక్కులో పాఠం మొత్తం చార్టెక్కేసింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు విశాఖలో పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇక్కడ పేషెంట్లు థాంక్యూ సిస్టర్ అంటారు, ప్లీజ్ అంటారు. "ఉంటే సెప్పనా" అనే మనిషి కోసం నాకు ఒక్కోసారి నిజంగానే ప్రాణం కొట్టుకుంటుంది.

సరే, నాలుగింటికి డాక్టరుగారు వచ్చారు. ఆయనది బయటి జిల్లా, వచ్చి నెలైనా కాలేదు. చార్టు చదువుతుంటే ఆయన మొహంలో రంగు మారింది.

"ఉదయం కర్ట్, మధ్యాహ్నం ఇరిటబుల్, ఇప్పుడు సర్లీ! గంటగంటకూ దిగజారుతున్నాడు. ఎవరూ నాకు చెప్పలేదేం?" అని మంచం పక్కన కూర్చున్నారు. "తాతా, మీ పేరేమిటి?"

"ఆ సీటీలో రాసుంటాది."

"మీరిప్పుడు ఎక్కడున్నారు?"

"నీ ఎదర."

"ఇవాళ ఏ వారం?"

"నన్ను ఇంటికి పంపుతానన్న వారం."

"మన దేశ ప్రధానమంత్రి ఎవరు?"

"ఆయనకి నా పేరు తెలుసేటి?"

డాక్టరుగారు నెమ్మదిగా లేచారు. "డిశ్చార్జి ఆపండి. తలకు స్కానింగు తీయించాలి, విశాఖ పంపాలి. అంబులెన్సు పిలవండి."

"ఓలమ్మో! తలకాయకేటైనాది బాబూ? కోసింది పొట్ట కదా!" అని పోలమ్మ సంచి వదిలేసి ఏడుపందుకుంది. ఎర్రయ్య తాత భార్యతో, "గుర్నాథాన్ని బోటు దింపీమను. నాను రానేనేమో," అన్నాడు. ఆ గొంతులో కసురు లేదు.

చెబితే నా చదువుకే ఎసరు. చెప్పకపోతే తాత లేకుండానే బోటు నీళ్ళలోకి పోతుంది. చక్రాల కుర్చీ వరండా దాటి అంబులెన్సు దగ్గరికి చేరేదాకా గోళ్ళు కొరుక్కుంటూ వెనకాలే నడిచాను. పాండిత్యం ఒలకబొయ్యనేల, డాక్టరు కాళ్ళు పట్టనేల!

"సార్, అవన్నీ ఒకటే మాట సార్!"

"ఏవన్నీ?"

"కర్ట్ నుంచి సర్లీ దాకా. రాసిందే రాయకూడదని మార్చి మార్చి రాశాను. తాత పొద్దుటి నుంచీ ఒక్కలాగే ఉన్నాడు సార్."

"ఒక్కలాగే అంటే ఎలా?"

"మా వైపు మనిషిలాగ సార్."

"మరి ఆ ప్రధానమంత్రి జవాబు?"

"మా నాన్నైనా అదే చెబుతాడు సార్."

డాక్టరుగారు తలపట్టుకున్నారు. తాతను మళ్ళీ నిదానంగా, పూర్తిగా పరీక్షించారు. నా వంక చూడకుండానే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టి, పది రోజులు ఈ అమ్మాయి చేతికి పెన్ను ఇవ్వొద్దని వార్డు సిస్టరుగారికి చెప్పి వెళ్ళిపోయారు. శనివారం తెల్లారేసరికి ఎర్రయ్య తాత చెయ్యి బోటు మీద ఉంది. అది విన్నాకే నాకు అన్నం దిగింది.

కుట్లు విప్పించుకునే రోజున ఇద్దరూ వచ్చారు. పోలమ్మ నేరుగా డాక్టరుగారి దగ్గరికి పోయి కన్నీళ్ళు పెట్టుకుంది.

"బాబూ, ఆ తలకాయ పొటో ఏదో తీసీయండి. ఈయన బాగోనేదు. మెత్తగా మాటాడతన్నాడు! నిన్న నన్ను 'అన్నం తిన్నావా పోలమ్మా' అనడిగినాడు. నలభై ఏళ్ళ కాపరంలో ఏనాడూ అడగనేదు!"

నేను గాభరాగా తాత వైపు చూశాను. ఆయన నా చెవి దగ్గరికి వంగి రహస్యంగా అన్నాడు: "కసిరితే మళ్ళీ ఆ బండెక్కించెస్తారని బయమేసి, వారం నుంచి నోరు కట్టుకున్నానే గుంటా. దీనికేమో అదీ పడనేదు. ఇక కసరొచ్చా?"

"కసురు తాతా, నీకు పుణ్యముంటుంది," అన్నాను.

ఆ రోజే పెన్ను మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. పేషెంటు కసిరినా, విసిరినా, నా మీద గ్లాసు గిరాటేసినా, చార్టులో ఒక్కటే ముక్క రాస్తాను: మాట్లాడుతున్నాడు.