రత్నం గారి అనుమతి

వెంకటరత్నం గారు ఇక లేరన్న వార్త అమలాపురం బస్సులో ఉండగా తెలిసింది. నమ్మలేక ఆయన నెంబరుకే ఫోన్ చేశాను. వారి శ్రీమతి సుభద్ర గారు ఎత్తి, "నిజమేనమ్మా" అన్నారు.

కరెంటు పోతే రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి. కరెంటు పోయిన క్షణమే ఫోన్ మోగించి, రైతును జనరేటరు దగ్గరికి పరుగెత్తించే సాఫ్ట్‌వేర్ ఆయన మేధాఫలం. మేం కొందరం ఆయన వెంట ఉచితంగా పనిచేస్తూ వచ్చాం.

పనిలో ఆయన చండశాసనులు. నేను రాసిచ్చిన ప్రోగ్రామును ఉప్పలగుప్తంలో చెరువుగట్టు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, కరెంటు తీయించి మరీ పరీక్షించేవారు. "రైతు చెవికి వినపడాలమ్మా, నాకు నచ్చితే సరిపోదు" అనేవారు. తాను రాసిన భాగాన్ని ఎవరు దిద్దినా తన అనుమతి ఉండాలన్న నియమమూ ఆయనదే. అడిగితే ఏనాడూ కాదనలేదు.

ఆయన పోయాక ఆ నియమమే మా మెడకు చుట్టుకుంది. కొత్త ఫోన్లలో హెచ్చరిక మోగడం లేదని రైతులు గగ్గోలు పెట్టారు. లోపం ఆయన భాగంలోనే ఉంది. దిద్దుబాటు సిద్ధం చేశాను గానీ, ఆమోదించాల్సిన మనిషి లేరు. ఆయన ఆమోదం నమోదు కానిదే ఏ మార్పునూ కంప్యూటరు తీసుకోదు. అనుమతిచ్చే స్థానం నుంచి ఆయన పేరు తొలగిస్తే తప్ప పని సాగదు.

సంతాప సభకు వారింట్లోనే చేరాం. ఆయన రాసినదాన్ని ఎన్నటికీ ముట్టకుండా ఉంచడమే నివాళి అన్నారు మా వాళ్లలో చాలామంది. నాకు ఒళ్లు మండింది. ఆయనకు దండ వేసి చెరువుల్ని గాలికొదిలేద్దామా అని అడిగేశాను. మా అందరిలోకీ పెద్దాయన మూర్తి గారు కళ్లెర్రజేసి, "చితి ఆరలేదు, అప్పుడే పేరు కొట్టేస్తావా?" అన్నారు. బయట మబ్బు కమ్ముకొస్తోంది. గాలి లేస్తే ముందు పోయేది కరెంటే.

సుభద్ర గారు గుమ్మంలోంచి అన్నారు. "ఆయన పేరు కోసం చెరువులు పోతే ఆయన ఊరుకుంటారా అండీ? తీసెయ్యమ్మా. నన్నడిగేవనుకో."

"ఆయ్" అని ఒప్పుకున్నారు మూర్తి గారు, తల దించుకుని.

అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, ఏడుస్తూనే తీసేశాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారిగా ఆయన పేరు మొదట ఉంది, ఉంటుంది. దిద్దినది రైతుల ఫోన్లకు పంపాం.

సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. ఉప్పలగుప్తం నుంచి ఒక రైతు ఫోన్ చేసి, హెచ్చరిక మోగిందనీ, చెరువు నిలబడిందనీ చెప్పాడు. పాపం, రత్నం గారు పోయిన కబురు అతనికి అందలేదు. "రత్నం గారికి చెప్పండమ్మా, సంతోషిస్తారు" అన్నాడు.

చెబుతానన్నాను. గురువు గారూ, మోగిందండీ.