పోలయ్య చెప్పిన దారి

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక చలికాలంలో, నన్ను కాగితాల విభాగం నుంచి శబ్ద విభాగానికి డిప్యూటీ డైరెక్టరుగా మార్చారు. ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ భాండాగారంలో సహాయ ఆర్కైవిస్టుగా చేరినప్పటి నుంచి నేను పాత దస్త్రాలతోనే కాలం గడిపాను. శబ్ద విభాగంలో ఉండేవి గ్రామఫోను పలకలు, టేపులు. కాగితాన్ని చూడగానే దాని వయసు చెప్పగలిగేదాన్ని కాని, వినడం నాకు కొత్త.

ఆ ఏడాదే ఐరోపాలోని కొన్ని దేశాల భాండాగారాలు కలిసి ఒక ఉమ్మడి పథకం మొదలుపెట్టాయి. యుద్ధాల కాలంలో భద్రత కోసం తలో చోటికీ తరలించిన సేకరణలు మళ్లీ కలవలేదు. ఒక దేశంలో పలక ఉంటే దాని వివరాల కాగితం ఇంకో దేశంలో ఉండిపోయింది. అసలు వస్తువులను కదిలించకుండా, అన్నిటికీ డిజిటల్ ప్రతులు తీసి ఒకే సూచికలో జతపరచాలన్నది వాళ్ల ఉద్దేశం. వాటిలో మొదటి ప్రపంచ యుద్ధ కాలపు పలకలు కొన్ని ఉన్నాయి. జర్మనీ శిబిరాల్లో నిర్బంధంలో ఉన్న మన దేశపు సిపాయిల చేత, ఓడల కళాసీల చేత అక్కడి భాషా పండితులు మాట్లాడించి రికార్డు చేసినవి అవి. ఏ భాషో తేలని పలకలను విని భాష చెప్పమని మా కార్యాలయాన్ని కోరారు. తెలుగు వచ్చిన అధికారిని కాబట్టి దక్షిణాది ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

జర్మనీ వైపు ఈ పని చూసే ఆవిడ పేరు హెల్గా. నా వయసే ఉంటుంది. వారానికోసారి వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు ఆవిడ పంపిన పలక ప్రతి మీద "హిందుస్తానీ, కథ" అని ఉంది. విన్నాను. పిల్లవాడెవరో గబగబా వాగుతున్నట్టుంది. హిందుస్తానీ కాదని మాత్రం తెలిసింది. అదే మాట చెప్పాను.

వేగం తప్పు కావచ్చు అంది హెల్గా. ఆ రోజుల్లో పలక తిరిగే వేగం యంత్రానికో రకంగా ఉండేది. అందుకని రికార్డు చేసేవాళ్లు మొదట ఒకే స్వరం పలికే చిన్న పీక ఊదేవారు. ఆ స్వరం సరిగ్గా పలికే వేగమే అసలు వేగం. ఈ పలక అంచు అరిగిపోయి ఆ పీక చప్పుడు దాదాపు వినబడదు. ఆవిడ దాన్ని వెతికి పట్టుకుని, వేగం సరిచేసి, మర్నాడు మళ్లీ పంపింది.

ఈసారి వినిపించింది పిల్లవాడి గొంతు కాదు. నిదానంగా, ఎదుటివాడికి అర్థమవుతోందో లేదోనని ఆగి ఆగి మాట్లాడే మగమనిషి. నేను విజయనగరంలో పుట్టినదాన్ని. చదువు, ఉద్యోగం, ఢిల్లీ, ఇన్నేళ్ల ఇంగ్లీషు నోటింగుల కింద పూడిపోయిన నా చిన్ననాటి మాట ఆ హెడ్‌ఫోనులోంచి వచ్చింది.

"కలింగపట్నం రేవుల దిగి, సముద్రం ఎడంసేతి పక్కనుంచుకోని నడండి. మొగలి డొంక వస్తాది. డొంక దాటితే గెడ్డ. మోకాల్లోతు నీల్లే, బయపడక్కర్నేదు. అవతలొడ్డున తాటితోపు. తోపెనకాల మొదటిల్లు కాదు, వల ఆరేసినిల్లు. అక్కడ నూకాలని పిలండి. పోలయ్య బతికే ఉన్నాడని సెప్పండి. ఓడ దొరికితే వస్తాడని సెప్పండి."

కథ చెప్పమన్నారు. అతను ఇంటికి దారి చెప్పాడు. ఎదురుగా ఉన్న పండితులకు తెలుగు రాదు. యంత్రం మాట దాచుకుంటుందని మాత్రం ఎవరో అతనికి చెప్పి ఉంటారు.

ఆ సాయంత్రం మెట్రోలో మయూర్ విహార్‌కు తిరిగి వస్తూ యమునను చూశాను. చాలా కాలం తర్వాత నాకు గెడ్డ అనే మాట గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరితో అనాలి ఆ మాట? మావారిది గుంటూరు. ఆయన వాగు అంటారు. పిల్లలు హిందీలో "నాలా" అంటారు.

పలక మీద గీసిన సంఖ్యనే పట్టుకుని ఆస్ట్రియాలోని భాండాగారం తన కాగితాల్లో వెతికింది. వివరాల పత్రం దొరికింది. పేరు, వృత్తి అందులో ఉన్నాయి. ఓడలో బొగ్గు వేసే కళాసీ. యుద్ధం మొదలైనప్పుడు అతని ఓడ జర్మనీ రేవులో చిక్కుబడిపోయింది. ఆ తర్వాత ఖైదీలను రుమేనియాకు తరలించారు. మిగతా సంగతి అక్కడి మూడో భాండాగారం వెతికి పెట్టింది. రికార్డు చేసిన మరుసటి చలికాలమే పోలయ్య అక్కడ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. మూడు దేశాల్లో మూడు ముక్కలుగా ఉన్న మనిషి ఒకే తెరమీద ఒక్కడయ్యాడు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. నిర్బంధంలో ఉన్నవాళ్లు ఇష్టపడి మాట్లాడారని చెప్పలేం కనుక, వారసుల అనుమతి లేని పలకలను మూసి ఉంచాలని ఆ భాండాగారాలన్నీ తీర్మానించుకున్నాయి. మూసి ఉంచడమంటే సూచికలో సంఖ్య కనిపిస్తుంది, గొంతు వినిపించదు. నియమం న్యాయమైనదే. కాని ఈ మనిషి వినమనే మాట్లాడాడు. డైరెక్టరుగారి దగ్గర ఫైలు పెట్టి, కుటుంబాన్ని వెతకడానికి అనుమతి అడిగాను. ఆయన నోటింగు చదివి, "మేడం, వందేళ్ల నాటి మాట ఇది, దొరుకుతారంటారా?" అని మాత్రం అడిగి సంతకం చేశారు.

నేను శ్రీకాకుళం జిల్లా అధికారులకు రాశాను. పోలయ్య చెప్పిన దారినే రాశాను, అంతకు మించిన చిరునామా నా దగ్గర లేదు. కొన్ని వారాలకు అక్కడి రెవెన్యూ ఉద్యోగి ఒకాయన ఫోన్ చేశాడు. ఊళ్లో పెద్దవాళ్లకు ఆ పేర్లు తెలుసట. పోలయ్య మనుమరాలు పైడమ్మ బతికే ఉందట. "ఆవిడ ఇప్పుడు మీ ఢిల్లీలోనే ఉందండి, కొడుకు దగ్గర. ఏదో ఇందిరాపురమంట" అన్నాడు. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లేంత దూరం.

పలక ప్రతిని కార్యాలయం బయట వినిపించడానికి హెల్గా వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. పైడమ్మగారి కొడుకు అప్పలరాజు ఒక సెక్యూరిటీ సంస్థలో మేనేజరు. ముందే ఫోనులో విషయం చెప్పాను కాని, అతను కొంచెం ఇబ్బందిగానే లోపలికి పిలిచాడు.

"మేడం, ఒక్క మాట. ఆయన సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. దొరల సీమలో ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. అమ్మకి బీపీ. కొంచెం చూసి చెప్పండి."

"వినిపించమంటారా, వద్దంటారా?"

అతను లోపలి గది వైపు చూశాడు. "ఠీక్ హై, వినిపించండి" అన్నాడు.

పైడమ్మగారు డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. చెవులకు హెడ్‌ఫోను పెట్టబోతే వద్దని చేత్తో ఆపింది. స్పీకరులోనే పెట్టాను. గరగరమనే చప్పుడులోంచి గొంతు మొదలైంది. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల ఊపడం మొదలుపెట్టింది, దారి అడిగినవాడికి సరిగ్గానే చెబుతున్నారని ఒప్పుకున్నట్టు. నూకాలు పేరు రాగానే ఊపడం ఆగిపోయింది.

"మా మామ్మ" అంది. "నన్ను పెంచింది మా మామ్మే."

నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన ఎక్కడ, ఏ జబ్బుతో పోయాడో, ఎంత తొందరగా పోయాడో చెప్పాను. అప్పలరాజు నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

"అయితే ఇంకో ఇల్లు నేదన్నమాట" అంది ఆవిడ.

"లేదండి."

"మామ్మ సచ్చిందాకా గాజులు తియ్యనేదు. బొట్టు పెట్టుకునేది. జనం నవ్వేవోరు, మొగుడొగ్గీసినా దీనికి బుద్ధి నేదని. వస్తాడే, రాకపోతే కబురైనా వస్తాదే అనేది నాతోటి." ఆవిడ ల్యాప్‌టాప్ వైపు చూసింది. "ఇంకోపాలి ఎయ్యమ్మా."

మళ్లీ వేశాను. ఇంకోసారి కూడా అడిగింది. మూడోసారి ఆవిడ పెదవులు ఆ మాటలతో కలిసి కదిలాయి. ఆ ఇంట్లో నేను అధికారిగా ఉన్నాను కనుక కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

అనుమతి సంగతి ఎత్తితే అప్పలరాజు సందేహించాడు. ఇంటర్నెట్‌లో అందరూ వింటారు, ఇంటి విషయం కదా అన్నాడు. తల్లి అతణ్ని మాట్లాడనివ్వలేదు.

"ఎవులైనా ఎలితే సెప్పమన్నాడు గదా. సెప్పనియ్యి. మా ఊరోలంతా ఇనాల. మామ్మని నవ్వినోల పిల్లలు కూడా ఇనాల."

తర్వాత నా వైపు తిరిగి, "ఆ తాటితోపు ఇప్పుడు నేదమ్మా, తుపానుకి పోయింది. ఆ ముక్క కూడా రాయండి, ఎవులైనా దారి తప్పుతారు" అంది.

రాశాను. అనుమతి పత్రం మీద ఆవిడ సంతకం, నా సాక్షి సంతకం ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మావారితో గెడ్డ గురించి మాట్లాడాను. ఆయన టీవీ శబ్దం తగ్గించి విన్నారు.

ఉమ్మడి సూచికలో ప్రతి పలకకూ భాష, చోటు, వేగం, వక్త అనే గడులు ఉండేవి. "ఎవరికి" అనే గడి ఒకటి ఉండాలని నేను ప్రతిపాదించాను. ఆ గడి చాలా రికార్డులకు ఖాళీగా ఉంటుందని కొందరు అభ్యంతరం చెప్పారు. హెల్గా నా పక్షాన మాట్లాడింది. నేను దిగిపోయే ముందు అది ఆమోదం పొందింది. ఈ పలక దగ్గర ఆ గడిలో నూకాలు పేరు ఉంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. రికార్డును పాడవకుండా ఉంచడం మా వృత్తిలో సగమే. అది ఎవరిని చేరాలని పుట్టిందో కనుక్కోవడం మిగతా సగం, అది ఏ ఒక్క దేశపు కార్యాలయానికీ ఒంటరిగా సాధ్యం కాదు. అది జరిగినప్పుడు కూడా, జరిగిన అన్యాయాన్ని సరిదిద్దామని నివేదికలో రాయకూడదు. చేరవలసిన మనిషి పోయాక, ఆ మనిషి పెంచిన బిడ్డకు చేర్చాం. అంతవరకే రాయాలి.