బూడిదలో విత్తిన చేను

ఊళ్లో ఆవిడని రేడియో అంటారు. మీట నొక్కితే చాలు, ఎప్పుడూ ఒకే పాట పాడుతుందని ఆ పేరు పెట్టింది సొంత ఆడపడుచే. ఇద్దరికీ భర్తలు పోయారు. ఒకే ఇంట్లో ఉంటారు, కొండ వాలులో ఉన్న ఒకే చేను చేసుకుంటారు, రోజంతా ఒకళ్లనొకళ్లు దెప్పుకుంటూ ఉంటారు.

రేడియో పాడేది బస్సు వచ్చినప్పుడు. అడవిలో పుట్టి పెరిగినవాళ్లకి భూమి మీద ఉన్న హక్కు గురించీ, దాని కోసం జరిగిన పోరాటాల గురించీ నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలో ఆ బస్సులో వస్తారు. వాళ్లని తీసుకొచ్చే సంస్థ మనిషిని అందరూ సారు అంటారు. పొద్దున చేలు చూపిస్తాడు, సాయంత్రం చర్చ పెడతాడు. మధ్యలో, భోజనాలయ్యాక, చెట్ల నీడలో పరిచిన చాప మీద రేడియో కూర్చుని తన కథ చెబుతుంది. పక్కనే ఒక అమ్మాయి దాన్ని పిల్లల భాషలోకి మారుస్తుంది.

అసలు జరిగింది చిన్న కథే. తోటల కంపెనీ మనుషులు వచ్చి గుడిసెలు తగలబెట్టారు. అందరూ కొండ మీది బండల్లోకి పారిపోయారు. తెల్లారగానే రేడియో భర్త దిగివచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న బూడిదలోనే విత్తనాలు చల్లాడు. ఆ ఏడు పంట విరగబండింది. ఆ తర్వాత కొన్నేళ్లకి జ్వరమొచ్చి పోయాడు. చేను మాత్రం ఏ ఏడూ బీడు పడలేదు.

మొదటిసారి ఆవిడ ఇలాగే చెప్పింది. పిల్లలు మర్యాదగా తలలూపారు. ఒకడు ఆవలించాడు. బస్సు వెళ్లాక సారు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఒక్క పూట పరిగెత్తి మర్నాడు విత్తుకున్నామంటే ఎవరికి ఏడుపొస్తుంది చెప్పండి?"

"ఏడవడానికా బాబూ ఇంత దూరం వచ్చేది?"

"కదిలితేనే కదా మన వెనక నిలబడతారు. కంపెనీతో మీ చేను కేసు కూడా మేమే చూస్తున్నాం. మీరు కాస్త సాయం చేయాలి మరి."

ఆ చివరి మాట ఆవిడకి బాగా అర్థమైంది. వచ్చే బస్సుకి ఆవిడ కథలో భర్త ఆ మంటల్లోనే దెబ్బలకి పోయాడు. ఆ తర్వాతి బస్సుకి ఆవిడ పట్నం పారిపోయి, ఇళ్లల్లో అంట్లు తోముకుంటూ నాలుగేళ్లు గడిపింది. మరో బస్సు వచ్చేసరికి, సంస్థవాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని తన నేల మీదికి నడిపించుకొచ్చారు. చెప్పగా చెప్పగా ఆ పట్నం వంటిళ్లు కూడా ఆవిడ కళ్లకి కట్టేవి. పిల్లలు ఏడ్చేవారు. వెళ్లేముందు వాటేసుకుని, చేతిలో ఎంతో కొంత డబ్బు పెట్టేవారు.

"మా అన్నని ఇంకెన్నిసార్లు చంపుతావు వదినా?" అని ఆడపడుచు గిన్నెలు తోముతూ అడిగేది.

"నీ అన్న ఉన్నప్పుడు తిండి పెట్టాడా? పోయాకైనా పెడుతున్నాడు, తిను."

చివరికి విచారణ వచ్చింది. మధ్యలో వదలకుండా సాగు చేస్తున్నట్టు తేలితే చేను వాళ్లది, పట్టా ఇస్తారు. ఏ ఒక్క ఏడాది వదిలేసినా కంపెనీది. ఈ ముక్క సారు ఆడవాళ్లిద్దరికీ ముందే విడమరిచి చెప్పాడు. చెప్పినప్పుడు ఆయనకి కూడా బస్సు కథ గుర్తు రాలేదు. అది వేరు, ఇది వేరు.

అధికారి గది ఇరుకైనది. ఫ్యాను గట్టిగా చప్పుడు చేస్తూ తిరుగుతోంది. గోడవారన ప్లాస్టిక్ కుర్చీల్లో ఆ నెల వచ్చిన పిల్లలు కూర్చున్నారు. విచారణ చూడటం వాళ్ల చదువులో భాగమని సారే తీసుకొచ్చాడు. అంతమంది కొత్తవాళ్ల మధ్య రేడియో కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అప్పుడు కంపెనీ తరఫున ఒక కుర్ర లాయరు లేచాడు.

"బాగున్నారా పెద్దమ్మా? గుర్తుపట్టారా? చదువుకునే రోజుల్లో బస్సులో వచ్చాను. మీ ఇంట్లో భోంచేశాను."

ఆవిడ మొహం విప్పారింది. వెనక్కి తిరిగి ఆడపడుచుతో, "మన అబ్బాయేనే!" అంది.

"ఆ రోజు మీరు చెప్పింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అయ్యగారికి కూడా అలాగే చెప్పండి, ఒక్క ముక్క వదలకుండా."

ఆవిడ పైట సర్దుకుని మొదలుపెట్టింది. భయం పోయింది. ఇది ఆవిడకి వచ్చిన పని. వాక్యం చెప్పి, అలవాటుగా ఆగింది. అనువాదం చేసే అమ్మాయి అక్కడ లేదు గానీ, ఆ సందులో గుమాస్తా తీరిగ్గా టైపు చేసుకున్నాడు. మంటలు వచ్చాయి, భర్త పోయాడు, పట్నం వచ్చింది.

"ఎన్నేళ్లున్నావు పట్నంలో?" అన్నాడు అధికారి.

"నాలుగేళ్లు బాబూ."

"అప్పుడు చేను ఎవరు చూశారు?"

"చూడటానికి ఎవరున్నారు? ముళ్లకంపలు మొలిచాయి," అంది ఆవిడ, గొంతు వణకాల్సిన చోట వణికించి.

"అబద్ధం!" ఆడపడుచు బెంచీ మీంచి లేచి అరిచింది. "వదినా, నోరు ముయ్యి! పట్నం లేదు, పాడూ లేదు. మర్నాడే విత్తాం, అయ్యగారూ. ఆ ముళ్లకంపలు దీని నాలుక మీద మొలిచాయి!"

గదిలో ఎవరో నవ్వారు. రేడియోకి అప్పుడు తెలిసింది, తను కూర్చున్నది చాప మీద కాదని. నిజమే, పట్నం వెళ్లలేదని గబగబా చెప్పింది. ఆయన జ్వరంతో పోయాడని చెప్పింది. వరస తప్పింది, మాటలు తడబడ్డాయి. నిజం చెప్పడం ఆవిడకి అలవాటు తప్పిపోయింది.

కుర్ర లాయరు నిజంగానే నొచ్చుకున్నాడు. "అయితే మాకు అబద్ధం చెప్పారా పెద్దమ్మా? నేను మీ కోసం ఏడ్చాను."

అధికారి సారు వైపు తిరిగాడు. "మీ పిల్లలకి ఈవిడ చెప్పేది ఏది? నేర్పించారా ఏమన్నా?"

సారు గోడవార కూర్చున్న పిల్లల్ని చూశాడు. వాళ్లు కూడా ఆయన్నే చూస్తున్నారు. రేడియో కూడా చూస్తోంది, బస్సు దిగే పిల్లల్ని చూసినంత ఆశగా.

"ప్రజలు తమ అనుభవాన్ని తమ మాటల్లోనే చెబుతారండి. మేం ఎప్పుడూ జోక్యం చేసుకోం," అన్నాడు సారు.

పిల్లలు ఆ మాట రాసుకున్నారు.

తీర్పు చదివినప్పుడు రేడియో ఏడవలేదు. లేచి నిలబడి, "పంట చేలోనే ఉంది, కోసుకోవచ్చా?" అని అడిగింది. కంపెనీని అడగమన్నాడు అధికారి. కంపెనీ కోసుకోనివ్వలేదు. కంచె వేసి, పంటని తొక్కించి మొక్కలు నాటించింది. నాటడానికి కూలీలు కావాల్సి వస్తే ఇద్దరినీ పిలిచింది. ఇద్దరూ వెళ్లారు.

వానలు వెనకబట్టాక, ఇద్దరూ కంచె లోపల కలుపు తీస్తుండగా సారు మళ్లీ బస్సుతో వచ్చాడు. ఓటమి కూడా పాఠమేనన్నాడు. ఆడపడుచు కొడవలి కింద పెట్టకుండానే ఆయన ఏడుతరాలనీ తిట్టింది. ఆయన ఓపిగ్గా విని, రేడియో వైపు చూశాడు. ఆవిడ మేస్త్రీని అడిగి, చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని కంచె దాటి వెళ్లింది.

ఈసారి చాప రోడ్డు పక్కనే వేశారు, కంచె కనపడాలని. పిల్లలు చుట్టూ చేరుతుండగా సారు వంగి, ఆవిడ చెవిలో, "తీర్పు వినగానే అక్కడికక్కడే పడిపోయారని చెప్పండి, పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ గొంతు సర్దుకుంది. పడిపోయానని చెప్పింది. ముందు వరసలో ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. కంచె అవతల ఆడపడుచు కలుపు తీస్తూ తీస్తూ, ఆ మాట వినబడ్డాక ఇంకో సాలులోకి, వినపడనంత దూరం వెళ్లిపోయింది.