మూడ్రోజుల సాయిబు

వాసన వచ్చే వస్తువు ఏదైనా సరే, ముందు తన మోచేతి మడతలో రాసుకుని మూడు రోజులు చూడనిదే ఖాదర్ మొహిద్దీన్ ఎవరికీ అమ్మేవాడు కాదు. అది అత్తరైనా అంతే, సబ్బైనా అంతే. అక్కడితో ఆగితే ఎవరూ ఏమీ అనుకోకపోదురు. ఆ మూడు రోజులూ అయ్యాక, కొనడానికి వచ్చిన వాడి మోచేతి మడతలోనూ ఒక చుక్క రాసేవాడు.

"ఇంగ మూడ్రోజులు ఆగి రాప్పా."

కర్నూల్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మూడ్రోజుల సాయిబు అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపించేవారు.

ఆ అత్తరు అంగడికి ఎదురుగా ఉన్న మిద్దె గదిలో దావీదురాజు అద్దెకుండేవాడు. మిషను బడిలో టీచరు. పిల్లల పలకలు దిద్దడానికని కిటికీ దగ్గర కూర్చునేవాడు గానీ, కింద జరిగే తమాషా వల్ల సగం పలకలు దిద్దకుండానే వెనక్కి పోయేవి.

ఒకనాడు పెళ్ళివారు వచ్చి పెళ్ళికొడుక్కి అత్తరు అడిగారు. సాయిబు అందరి మోచేతులకూ చుక్కలు పెట్టి పంపించాడు. మూడో రోజు పెళ్ళికొడుకు తండ్రి మండిపడుతూ వచ్చాడు.

"పెండ్లి నిన్ననే అయిపాయె సాయిబూ! ఇంగెందుకు నీ అత్తరు?"

"మొగుడూ పెండ్లామూ ఈడనే ఉండారు గదప్పా. ఈ పొద్దు పూసుకుంటే వద్దనేవాళ్ళెవరు?"

పదహారు రకాల వాసనలతో ఆయన వీధిలో నడిచి వస్తుంటే తేనెటీగలకు మతి పోయేది. మంగలి పుల్లయ్య ఆయనకు క్షవరం చేస్తూ మధ్యలో నాలుగుసార్లు లేచి వెళ్ళి తుమ్మి వచ్చేవాడు. అమ్మే సరుకు ముందు తానే పూసుకుని తిరిగే పిసినారి అని వెనక నవ్వుకునేవారు కొందరు. మొహం మీదే అడిగితే సాయిబు కూడా నవ్వేసేవాడు. "యాపారంలో తొందర పనికిరాదప్పా" అనేవాడు.

ఆ రోజుల్లోనే బొంబాయి నుంచి సూటు వేసుకున్న ఏజెంటు ఒకడు దిగాడు. పెట్టె తెరిచి ఒక సీసా మూత తీస్తే వీధి వీధంతా మల్లెపూల వాసన.

"దీంట్లో మల్లెపువ్వు యాడుండాదప్పా?" అన్నాడు సాయిబు, సీసాను ఎండకు పెట్టి చూస్తూ.

"పువ్వెందుకు సాయిబూ? అంతా సైన్సు! ఫ్యాక్టరీలో చేసింది!"

"మంచిది. పువ్వుదయినా సైన్సుదయినా నా మోచేతికి ఒగటే. మూడ్రోజులాగు."

మూడు రోజులు అక్కరలేకపోయింది. సాయంత్రానికే మోచేతి మడత పూరీలా పొంగింది. సాయిబు ఆ సీసా తీసుకెళ్ళి మురుగు కాలవలో వంపేశాడు. తర్వాత ఎనిమిది రోజులు ఆ కాలవ ఘుమఘుమలాడింది. పక్క వీధుల ఆడవాళ్ళు పని కట్టుకుని వచ్చి, కాలవ గట్టున నిలబడి గాలి పీల్చుకుని వెళ్ళారు.

ఇంతలో దావీదురాజుకు పెళ్ళి కుదిరింది. పిల్ల కల్లూరు దాసన్న కూతురు జ్ఞానమణి. ఆమెకు చంద్రవదన స్నో పంపాలని దావీదురాజు మనసు పడ్డాడు. ఆ స్నో రాసుకుంటే మొహం చందమామే అని గోడల మీదంతా కాగితాలు అంటించి ఉన్నాయి. సాయిబును అడిగాడు.

"తెప్పిస్తా అయివారూ. వచ్చినాంక నాకు మూడ్రోజులు, ఆ యమ్మకు మూడ్రోజులు."

"ఎల్లుండే పెండ్లి సాయిబూ!"

"అయితే పెండ్లి జరుపుకో. స్నో యాడికీ పోదు."

దావీదురాజుకు ఒళ్ళు మండింది. నేరుగా కొత్త ఫ్యాన్సీ అంగడికి పోయి అక్కడ డబ్బా కొని, గుట్టుగా కల్లూరికి పంపాడు. గుట్టు ఎందుకంటే, సోకుల మీద లేవి పాస్టరుగారు అంతకు ముందు ఆదివారమే గంటన్నర ప్రసంగం చేసి ఉన్నారు.

పెళ్ళిరోజు పొద్దున జ్ఞానమణి స్నో రాసుకుంది. గంటకల్లా మొహం చందమామ అయింది. కాకపోతే పున్నమి చందమామ, అదీ ఎర్రది. కళ్ళు రెండు గీతలయ్యాయి. తెల్లచీర కట్టుకుని కల్లూరు చర్చిలో అడుగుపెట్టగానే కీర్తన పాడుతున్నవాళ్ళు చరణం మధ్యలో ఆగిపోయారు.

దావీదురాజు మేనత్త విశ్వాసమ్మ ముందు వరసలోంచి లేచింది.

"ఒరే దావీదూ! ఈ పిల్ల మొహం చూడ్రా! ఇది పెద్దరోగం! కుష్టు! దాచిపెట్టి అంటగడ్తాండారు! లెయ్, ఇంటికి పోదాం!"

ఆ మాటకు చర్చి అంతా కలకలం రేగింది. కూర్చున్నవాళ్ళు తెలియకుండానే వెనక్కి జరిగారు. జ్ఞానమణి తల దించుకుంది. దావీదురాజుకు విషయం తెలుసు. చెబితే పాస్టరుగారి ముందు పరువు పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల బతుకు పోతుంది.

అప్పుడు తలుపు దగ్గర బెంచీ మీద నుంచి పెద్దగా గాలి పీల్చిన చప్పుడు వినిపించింది. పెళ్ళి పిలుపందుకుని, భార్య షంషాద్ బీతో జట్కాలో వచ్చిన ఖాదర్ సాయిబుది అది.

"దాల్చినచెక్క. దాని వెనకాల గులాబీ. రెండూ ఉత్తుత్తివి" అన్నాడు కళ్ళు మూసుకుని. "ఆ యమ్మ మొహానికి ఏందో పూసుకుంది. ఎవురిచ్చినారు?"

"నేనే!" అనేశాడు దావీదురాజు. గొంతు కీచుమంది. "స్నో. నేనే పంపించినా. రోగం లేదు ఏమీ లేదు!"

విశ్వాసమ్మ తగ్గలేదు. "స్నోకు మొహాలు వాస్తాయా? ఊరంతా పూసుకోలేదా? ఏదీ తీసుకురాండి!"

డబ్బా వచ్చింది. ఆమె రెండు చెంపలకూ దట్టించింది. ఏమీ కాలేదు. పైగా కాస్త నిగనిగలాడింది కూడా.

"చూడండి! నాకేమయింది?"

సాయిబు మెల్లగా నడిచి వచ్చి డబ్బా అందుకున్నాడు.

"మూడ్రోజులా సాయిబూ?" అన్నారు పాస్టరుగారు బెదిరిపోయి.

"ఈ పొద్దు అంత తీరిక లేదయ్యా."

"అయితే మోచేయి..."

"మోచేయి వాస్తే దోమ కుట్టిందంటారు." అని, నుదుటి నుంచి గడ్డం దాకా మొహమంతా పూసేసుకున్నాడు. టోపీ సర్దుకుని, అందరికీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

చర్చి మొత్తం పొయ్యి మీద పాలు చూసినట్టు ఆయన మొహాన్ని చూసింది.

"ముక్కు కాడ ఎర్రగయినట్లుంది."

"అది ముందు నుంచీ ఎరుపే."

"చెవి చూడప్పా, చెవి!"

ఖాళీగా ఎందుకని పాస్టరుగారు కీర్తన అందుకున్నారు. రెండో కీర్తనకు చెంపలు కందాయి. మూడో కీర్తనకు కనురెప్పలు ఉబ్బాయి. నాలుగోది సగంలో ఉండగా సాయిబు కళ్ళూ రెండు గీతలైపోయాయి. చర్చిలో చప్పట్లు మోగాయి. చర్చిలో చప్పట్లు కొట్టకూడదని అంతకు ముందు చెప్పి ఉన్న పాస్టరుగారే అందరికంటే గట్టిగా కొట్టారు.

"నీ తోలుకు పడిందమ్మా" అన్నాడు సాయిబు విశ్వాసమ్మ ఉందనుకున్న దిక్కుకు తిరిగి, "మా ఇద్దరి తోళ్ళకు పడలే. అంతే. రోగం డబ్బాలో ఉండాది, పిల్లకు లేదు."

విశ్వాసమ్మ తన కొంగు నీళ్ళలో తడిపి, తానే వెళ్ళి జ్ఞానమణి మొహం తుడిచింది. పెళ్ళి జరిగిపోయింది.

భోజనాల దగ్గర దావీదురాజు చల్లటి మజ్జిగ పట్టుకుని సాయిబును వెతుక్కుంటూ వచ్చాడు. షంషాద్ బీ భర్త మొహానికి తడిగుడ్డ అద్దుతూ ఉంది.

"సాయిబు తోలు ఇంత మెత్తనిదని తెలీదే!" అన్నాడు దావీదురాజు.

"మీకేం తెలుసు అయివారూ!" అని ఆమె భర్త చొక్కా చేయి పైకి లాగింది. మచ్చల మీద మచ్చలు. "మా నికా రోజు మొహం మీదికి పూల సెహ్రా కట్టినారు. ఖాజీ వచ్చేతలికి ఈయన మొహం కలింగర కాయంత అయిండె. పువ్వు పడదు, సబ్బు పడదు. ఇట్లాంటాయన బొగ్గుల అంగడి పెట్టుకోవల్ల గదా? అత్తరంగడి పెట్టినాడు!"

"ఎందుకు సాయిబూ?"

సాయిబు ఇబ్బందిగా కదిలాడు. కళ్ళు తెరిచే ఉన్నాయో మూసుకున్నాయో తెలియలేదు.

"నా తోలుకు బెరీన, అందరికన్నా ముందే తెలుస్తాది అయివారూ. ఊర్లో ఆడపిల్లోళ్ళ మొహాలు వాసేకన్నా నా మోచేయి వాసేది మేలు గదా. ఊరికే చేయి పెట్టుకోని కూర్చునేదే, దాంట్లో కష్టమేముండాది? మజ్జిగ ఇటియ్యప్పా."

కర్నూలు నుంచి పిలిపించిన ఫోటో ఆయన నల్లగుడ్డ కప్పుకుని సిద్ధమయ్యాడు. జ్ఞానమణి మొహం దాచుకుంది.

"నేనొక్కదాన్నే ఇట్ల వాసిపోయి పడితే నవ్వరా? సాయిబు గూడా నిలబడల్ల."

ఒకపక్క దావీదురాజు, మధ్యలో జ్ఞానమణి, మరోపక్క సాయిబు. ముగ్గురిలో కళ్ళు కనిపించేది ఒక్క దావీదురాజువే. మిగిలిన ఇద్దరివీ ఒకే అచ్చులో పోసిన మొహాలు. అవే ఉబ్బిన చెంపలు, అవే గీతల కళ్ళు, అదే అమాయకపు నవ్వు.

ఆ ఫోటో వాళ్ళ ఇంటి ముందుగదిలో చాలా ఏళ్ళు వేలాడింది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, ఈ మొహం చూసి ఆ మొహం చూసి, కాస్త సందేహంగా అడిగేవారు.

"ఈ టోపీ పెట్టుకున్నాయన అమ్మగారికి అన్నా అయివారూ?"

"అవునప్పా" అనేవాడు దావీదురాజు. "సొంత అన్న."